ఏ కర్ర కొయ్యాలి?

మా పెరట్లో కంచె పక్కన పదడుగుల పొడుగున రాస్ప్‌బెర్రీ వరసొకటి ఉంది. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఇదేం గొప్ప విషయం కాదు లెండి, ఇక్కడి చల్లదనానికి అది హాయిగా పెరుగుతుంది. 2019 మార్చిలో ఆరు మొక్కలు పాతాను. రకం పేరు మీకర్. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 1967లో విడుదల చేసింది. 2020 జులైలో మొదటి కాపు. రోజూ పొద్దున్నే స్టాండప్ కాల్‌కి ముందు గిన్నెడు పళ్ళు. పిల్లలు గిన్నెదాకా రానిస్తే కదా!

ఆ ఆగస్టులో ఒక ఘనకార్యం చేశాను. వరసలో రెండు రకాల కర్రలు కనిపించాయి. కొన్ని గోధుమరంగుకి తిరిగి, బెరడు లేచి, పక్క కొమ్మలతో అలిసిపోయినట్టున్నాయి. పళ్ళిచ్చినవి అవే. మిగతావి పచ్చగా, నున్నగా, నా ఎత్తు దాటి దారికి అడ్డంగా వాలుతున్నాయి. వాటికి ఒక్క పండు లేదు. నా ఇంజనీరు బుర్ర తీర్పు చెప్పేసింది: పనిచేసేవి ఉంచు, తిని కూర్చునేవి తీసెయ్. పచ్చవాటన్నిటినీ నేలమట్టానికి కోసేశాను.

2021 జులైలో గిన్నె ఖాళీ. తప్పు ఎండమీదకి నెట్టాను. సాకు గట్టిదే, ఆ జూన్ 28న పోర్ట్‌లాండ్‌లో 116 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది. బగ్ వస్తే ముందు "ఎన్విరాన్‌మెంట్ ఇష్యూ" అనడం మనకి అలవాటే కదా! కానీ పక్కింటావిడ పెరట్లో కొన్ని మాడినా, పళ్ళయితే ఉన్నాయి. నావి ఎండలు రాకముందే, చలికాలంలోనే ఎండిపోయిన కర్రలు.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. రావులపాలెం దగ్గర అరటి తోట చేసిన మనిషి. రాస్ప్‌బెర్రీ అన్న మాట ఆయనకి నోరు తిరగదు. అంతా విని, "ఒరేయ్, గెలేసిన చెట్టు మళ్ళీ గెలేస్తుందేంట్రా? రేపు గెలేసేది పిలక కదా! ఆ పిలకల్ని కోసేసి ముసలి చెట్లని దాచుకున్నావు" అని ఒకటే నవ్వు.

సంగతి అచ్చం అదే. రాస్ప్‌బెర్రీకి వేరు చాలా ఏళ్ళు బతుకుతుంది, కర్ర మాత్రం రెండేళ్ళే. మొదటి ఏడు ఊరికే పెరుగుతుంది. ఒక చలికాలం దాటాక రెండో ఏడు పూస్తుంది, కాస్తుంది, చచ్చిపోతుంది. కాబట్టి కొయ్యాల్సింది కాసిన కర్రని. పచ్చవాటిల్లో కూడా అన్నీ ఉంచకూడదు. చలికాలం చివర్లో బక్కవి తీసేసి, బలమైనవాటిని 6 అంగుళాలకొకటి చొప్పున ఉంచి తీగెకి కట్టాలి. గాలి ఆడకపోతే తెగులు పడుతుంది. అన్నట్టు, హెరిటేజ్ లాంటి రకాలు మొదటి ఏడే ఆకురాలు కాలంలో చివర్లలో కాస్తాయి. ఆ ఒక్క కాపు చాలనుకుంటే చలికాలం చివర్లో అన్నిటినీ నేలదాకా కోసెయ్యొచ్చు. ముందు మీ రకమేదో తెలుసుకుని కత్తెర పట్టండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల మా ఆఫీసు మీటింగులో ఒక స్లైడు మీద "ప్రూనింగ్" అని రాశారు. మా టీములో తీసేసింది ఇద్దరిని. ఇద్దరూ చేరి ఏడాది కాలేదు. వాళ్ళు చేసే చిన్న చిన్న టికెట్లు ఇప్పుడు ఏఐ టూల్ చేసేస్తోందట. దానికి నెల ముందు, ఎవరు ఎన్ని టికెట్లు మూశారో లెక్క తీసిమ్మని నన్నడిగారు. తీసిచ్చాను. ఎందుకని అడగలేదు. అడిగితే లిస్టులోకి నా పేరెక్కుతుందేమోనని భయం, ఇంకేం లేదు. ఇల్లు, వీసా, పిల్లల చదువులు... నాకు నేను చెప్పుకున్న కారణాలు మీకూ తెలిసినవే.

మొదటి ఏడు కర్రకి ఎన్ని పళ్ళు కాశాయో లెక్కపెట్టి ఇచ్చానన్నమాట. ఒకసారి పెరట్లో చేసిన తప్పు ఆఫీసులో మళ్ళీ చేశాను. కాకపోతే అక్కడ పోయింది ఒక ఏడాది పళ్ళు. ఇక్కడ ఇద్దరి పొట్టకూడు.

అలాగని సీనియర్లని పంపెయ్యమని నా గోల కాదు, నాకూ 47 వచ్చాయి! మనుషులు కర్రలు కారు, ఒక్క కాపుతో అయిపోరు. అసలు కర్రకైనా కాపవగానే కత్తెర పెట్టక్కర్లేదు. తెగులు లేకపోతే, ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ అది వేళ్ళకి తిండి పంపుతూనే ఉంటుంది. ఎండాక తీసెయ్యొచ్చు. మాలాంటి వాళ్ళకి మిగిలిన పని అదేనేమో, కింద పిలక ఉంటే.

ఆ ఇద్దరిలో ఒకమ్మాయికి తెలిసినచోట రిఫరల్ ఇచ్చాను. ఇంటర్వ్యూ కోసం శనివారాలు గంటసేపు కూర్చుని చెప్తున్నాను. ఇంకో అబ్బాయి నా మెసేజ్‌కి జవాబివ్వలేదు. ఇవ్వకపోవడం న్యాయమే.

నిన్న సాయంత్రం వరస శుభ్రం చేశాను. కోసే ముందు ప్రతి కర్రనీ కిందనుంచి పైదాకా తడిమి చూసి, కాసిందో లేదో తేల్చుకునే కోశాను. పదడుగుల వరసకి గంటన్నర పట్టింది. ఆ లెక్క తీసివ్వడానికి నాకు పట్టింది పది నిమిషాలు.