నిలబడియున్న విమానము

మా సంఘములో డెబ్బది ఎనిమిది సంవత్సరముల పెద్దాయన ఒకరున్నారు. భారత వైమానిక దళములో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా పనిచేసి, పింఛను తీసికొని, కృష్ణా కాలువ గట్టున ఉన్న మా ఊరికి తిరిగి వచ్చి స్థిరపడినవారు. నేను ఆయనను పెదనాన్నగారూ అని పిలుస్తాను. నీటికాసుల జబ్బు వలన ఆయన ఎడమ కన్ను పూర్తిగా పోయినది. కుడి కన్నులో, లోతైన బావిలోనుండి తల పైకెత్తితే ఎంత ఆకాశము కనబడునో అంత చూపే మిగిలినది. అది కూడ తగ్గుచున్నదని డాక్టరుగారు చెప్పియున్నారు.

హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మనుమడు, తాతకు సంతోషము కలుగజేయవలెనని ఇంటర్నెట్టులో వెదకి ఒక పెట్టె తెప్పించి పంపాడు. ఆయన చేతులతో కాపాడిన నాట్ విమానము అది. మూత మీద బొమ్మ చక్కగా, పెద్దగా ఉన్నది. తెరచి చూస్తే లోపల చిటికెన వ్రేలంత ముక్కలు! స్కేలు సంగతి ఆ అబ్బాయికి తెలియదు పాపము. “అయ్యగారూ, వీటిని అతికించేవాళ్లు ఈ ఊళ్లో మీరొక్కరే” అని పెద్దాయన కబురు పంపారు. సండేస్కూలు పిల్లలకు అట్టముక్కలతో నోవహు ఓడ చేసి పెట్టిన పేరు అంత దూరము పోయినది!

ఆ స్కేలును 1/144 అంటారు. అసలు విమానములో పన్నెండు అడుగులు ఇందులో ఒక్క అంగుళము. ఆరడుగుల మనిషి అర అంగుళమునకు దిగిపోవును, అనగా రెండు బియ్యపు గింజలు నిలువుగా పెట్టినంత. ఈ కొలతలలో ఎక్కువ మందికి తెలిసినది దీనికి రెట్టింపైన 1/72. ఇంగ్లాండులో ఫ్రాగ్ అనువారు 1936లో పెంగ్విన్ అను పేరుతో ఆ కొలతలోనే ప్లాస్టిక్ విమానములు అమ్మిరి. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో, 1942లో, శత్రు విమానమేదో మన విమానమేదో సైనికులు గుర్తుపట్టుటకు అమెరికాలో బడి పిల్లల చేత లక్షలాది చెక్క బొమ్మలు చేయించినది కూడ 1/72 కొలతలోనే. మా పెట్టెలోనిదైతే ఇంకా సగము.

అసలు నాట్ కూడ చిన్నదే. దాని పొడవు 8.74 మీటర్లు, రెక్కల వెడల్పు 6.73 మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్ల లోపు. మా ఊరి ధాన్యపు లారీ పక్కన నిలబెట్టినా గొప్పగా కనబడదు. అందుచేత మా బొమ్మ ఆరు సెంటీమీటర్ల పొడవున తేలినది. అగ్గిపెట్టె కంటె కొంచెము పొడుగు, అంతే.

మొదటి సాయంకాలమే ఒక తీర్మానము చేయవలసి వచ్చినది. ఇటువంటి కిట్లలో చక్రములు లోపలికి ముడిచి, ఎగురుచున్నట్లు నిలబెట్టవచ్చును. అది సుళువు. చక్రములు దించి నేల మీద నిలబెట్టుట కష్టము, ఎందుకనగా చక్రము మెంతి గింజంత, దాని కాలు గుండుసూదిలో సగమంత. నేను సుళువైన మార్గమే చెప్పాను. పెద్దాయన ఒప్పుకొనలేదు.

“ఎగిరే విమానము నాది కాదయ్యగారూ, అది పైలట్‌ది. నిలబడున్నదే నాది” అన్నారు.

ఆ మాట విన్న తరువాత ఇక మాట్లాడలేదు. చక్రములు దించియే కట్టాము.

పని ఆయన ఇంటి వరండాలో సాగినది. ముక్కలు ఒక ప్లాస్టిక్ చట్రమునకు అంటుకొని ఉండును. వాటిని విరవకూడదు, పదునైన గోళ్ల కత్తెరతో కొంచెము దూరముగా కత్తిరించి, మిగిలిన మొటిమను సన్నని గరుకు కాగితముతో అరగదీయవలెను. అతికించు ద్రవము మన ఇళ్లలోని జిగురు వంటిది కాదు. నీళ్లవలె పలుచగా ఉండి, తాకిన చోట ప్లాస్టిక్‌నే కరిగించును. రెండు ముక్కలు కరిగి ఒకటై గట్టిపడును. ఎక్కువైతే ముక్క రూపమే పోవును గనుక, సన్న కుంచె మొనతో అతుకు అంచున తాకించితే చాలును, అదే లోపలికి పాకును. రంగు విషయములో కూడ ఈ చిన్నతనమును మరువరాదు. బొమ్మ మీద మిల్లీమీటరులో పదవ వంతు మందము రంగు పూస్తే, అసలు విమానము మీద అది సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పూతతో సమానము. ఎవరైనా విమానమునకు గోడ సున్నమువలె పూత వేయుదురా! అందుచేత రంగును పలుచ చేసి, ఆరబెట్టి, మరల పూయవలెను.

మేము వేసినది వెండి రంగు. 1965 నాటి నాట్‌లు ఆ రంగులో ఉండేవి. వెండి రంగు ఏ గీతనూ దాచదు. అరగదీయుటలో మిగిలిన ప్రతి గాటు రంగు పడగానే బయటపడును. పెద్దాయన కన్నులతో కాదు, బొటనవ్రేలి గోటితో తనిఖీ చేసేవారు. “ఇక్కడ గరుకున్నది” అని ఆయన చెప్పిన చోట నేను భూతద్దము పెట్టి చూస్తే, నిజముగానే ఉండేది.

కూర్చునే సీటు దగ్గర మరియొక వాదము వచ్చినది. పైలట్ కూర్చునే అద్దపు గూడు ఈ కొలతలో వడ్ల గింజ కంటె ఎంతో పెద్దది కాదు, దాని ప్లాస్టిక్ మందము. మూసిన తరువాత లోపల సీటున్నదో లేదో దేవునికే తెలియును. “సీటుకు రంగు అక్కర లేదు కదా పెదనాన్నగారూ” అన్నాను. ఆయన కొంతసేపు ఊరకుండి, ఫారం 700 సంగతి చెప్పారు. ప్రతి ఎగురుటకు ముందు ఎవరి పని వారు చూచి అందులో సంతకము పెట్టవలెను. చివరకు పైలట్ సంతకము పెట్టి ఎక్కును. “నేను బిగించిన నట్టు మీద రేకు మూసేస్తారు. ఆ బాబు దాన్ని చూడడు. నా సంతకము చూచి ఎక్కుతాడు. ఎవరో తల్లి కన్న బిడ్డ.” నాట్‌లో హైడ్రాలిక్ వ్యవస్థ, తోక రెక్క అదుపు తరచుగా చిక్కులు పెట్టేవని వ్రాసిన పుస్తకములు ఉన్నవి. ఆయనకు పుస్తకము అక్కర లేదు. విమానము తిరిగి వచ్చి, చక్రములు నేల తాకిన చప్పుడు వినేవరకు టీ గ్లాసు పట్టుకొనేవారు కారట.

సీటుకు నల్ల రంగు వేశాను. ఇప్పుడది కనబడదు.

ఈలోగా సంఘములో ఒక మాట పుట్టినది. పాస్టరుగారు యుద్ధ విమానము కట్టుచున్నారట, ఇది తగునా అని. ఒక డీకన్‌గారు నా యొద్దకు వచ్చి ముఖము మీదనే అడిగారు. అడుగుట మంచిదే, వెనుక మాట్లాడుట కంటె మేలు. ఇది ఊరకే బొమ్మ అని నేను తప్పించుకొనలేదు. నాట్ ముప్పది మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు మోసిన విమానము. 1965 యుద్ధములో సేబర్ విమానములను కూల్చి పేరు తెచ్చుకొన్నది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద ఒంటరిగా పోరాడి ప్రాణమిచ్చిన నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ ఎక్కినది ఇదే. వైమానిక దళములో పరమవీర చక్ర పొందినవారు ఆయన ఒక్కరే. ఇరువైపులా తల్లులు ఏడ్చారు. ఇదంతా డీకన్‌గారికి చెప్పి, దీనిని గీసిన మనిషిని గురించి కూడ చెప్పాను.

ఆయన పేరు పెట్టర్, 1908లో పుట్టిన ఆంగ్లేయుడు. కాన్‌బెర్రా బాంబరు కూడ ఆయన రూపకల్పనే. యుద్ధ విమానములు ఏటేటా బరువెక్కి, వెల పెరిగిపోవుచున్నవని చూచి, చిన్నదిగా, చవుకగా చేయవచ్చునని పట్టుబట్టి నాట్‌ను గీసినాడు. 1955లో అది ఎగిరినది. స్వదేశములో దానిని శిక్షణ విమానముగా మాత్రమే తీసికొనిరి. పోరాట విమానముగా ఎక్కువగా ఆదరించినది మన దేశము. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు దానిని పెద్ద సంఖ్యలో చేసిరి. పెట్టర్ మాత్రము ఆ దశకము చివరిలోనే ఉద్యోగము విడిచి, కుటుంబముతో స్విట్జర్లాండు వెళ్లి, ఒక క్రైస్తవ సమాజములో చేరి సామాన్యముగా జీవించినాడు. విమానముల పనికి తిరిగి రాలేదు. 1968లో మరణించెను.

డీకన్‌గారు విని, ఔననలేదు, కాదనలేదు. పెద్దాయనకు ఇదే చెబితే, “మరి ఆయనకు పింఛను వచ్చిందా?” అని అడిగారు.

చివరి చిక్కు బరువు. చక్రముల వెనుక భాగము బరువెక్కువై, ఇటువంటి బొమ్మలు తోక మీద కూలబడును. ముక్కు మూయకముందే లోపల బరువు పెట్టవలెను. అంత చిన్న ముక్కులో ఏమి పెట్టగలము? ఆ డీకన్‌గారికి కాలువలో గాలము వేయు అలవాటున్నది. మరునాడు అడుగకుండగనే గాలపు సీసపు గుండ్లు గుప్పెడు తెచ్చి వరండాలో పెట్టి, ఏమియు అనకుండ వెళ్లిపోయారు. ఒకదానిని సుత్తితో నలగగొట్టి ముక్కులో ఇరికించాము.

గుర్తులు నీటిలో నానబెట్టి జార్చు కాగితపు పొరలు. కాషాయము, తెలుపు, ఆకుపచ్చ వలయము, మిరియపు గింజ కంటె చిన్నది. ఊపిరి బిగబట్టి జార్చాను. ఒకటి కొంచెము ఏటవాలుగా పడి, సరిచేయబోగా చిరుగుననిపించి అలాగే ఉంచితిమి.

పదకొండవ సాయంకాలము ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన చూడవలెనని ప్రయత్నించలేదు. వ్రేలితో ముక్కు తాకారు, గాలి పోవు నోళ్లు తాకారు, క్రిందకు పోయి చక్రముల తలుపుల యొద్ద ఆగారు. “ఇవే బ్రేకులు. గాలిలో చక్రాలు కొంచెము దించితే ఈ తలుపులే వేగము తగ్గిస్తాయి” అన్నారు. తరువాత పీట మీద నిలబెట్టి, తోకను వ్రేలితో నొక్కి వదిలారు. సీసపు గుండు పనిచేసినది. ముక్కు తిరిగి నేలకు వాలినది.

“పెన్ను ఇటివ్వండి అయ్యగారూ” అన్నారు. పెట్టెలో వచ్చిన కాగితము వెనుక వైపు, వంకరగా, గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కుచుండగా, సంతకము పెట్టి తేదీ వేశారు.