చెట్టు మీది మేత

పశువుల మేత అనగానే మనకు గడ్డివామి, చొప్పకట్ట గుర్తుకొస్తాయి. చెట్టు గుర్తుకు రాదు. కృష్ణగిరి ప్రాంతపు మెట్టభూముల్లో తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న మా వంటి తెలుగు కుటుంబాలకు మాత్రం పొలంగట్టు మీది చెట్టే రెండో వామి.

ఎండాకాలంలో రాగిగడ్డి అడుగంటే వేళకు మా అవ్వ దోటి చేతపట్టేది. ఏ మండ ఏ పశువుకన్నది ఆమెకు కంఠతా వచ్చు. అవిసె పాడావుకు, మర్రి, రావి మండలు మేకలకు, తుమ్మకాయలు గొర్రెలకు. వేపాకు చేదని ఆవు మొహం తిప్పుకుంటే, ఎండుగడ్డిలో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేసేది. ఇంట్లో అవిసె అన్నదాన్నే వీధిలో అగత్తి అనేది. అడ్డసరాన్ని మాత్రం తమిళం పేరుతోనే చూపించేది: ఆడుతొడా, అంటే మేక ముట్టనిది. పేరులోనే పాఠం ఉంది గదా!

అవ్వకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. చెట్టును బోడి చేయరాదు. చిటారు కొమ్మ ముట్టరాదు. ఒకసారి కోసిన చెట్టుకు మళ్ళీ ఆకు ముదిరేదాకా దోటి తగలరాదు. ఒకే రకం ఆకును కడుపునిండా పెట్టరాదు.

నాలుగు పుస్తకాలు చదివాక వీటికి కారణాలు తెలిశాయి. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళే. ఎండబెట్టిన అవిసె, సుబాబుల్ ఆకుల్లో 20 పాళ్ళకు పైమాటే. కాస్త ఆకు తోడైతే ఎండుగడ్డి కూడా బాగా అరుగుతుంది. అయితే తుమ్మ, మర్రి వంటివాటిలో వగరు ఎక్కువ. అది మాంసకృత్తులను పట్టి ఉంచి ఒంటబట్టనివ్వదు. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. అదేపనిగా మేపితే పశువుల వెంట్రుకలు రాలిపోతాయి. మేతలో మూడోవంతు మించకుండా చూసుకోవాలి.

2016లో ఈశాన్య ఋతుపవనాలు మొహం చాటేశాయి. 2017 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం అన్ని జిల్లాలనూ కరువు జిల్లాలుగా ప్రకటించింది. ఆ వేసవిలో మా చుట్టుపక్కల చాలామంది గొడ్లను సంతకు తోలారు. మా కొట్టంలోని రెండు ఆవులు, ఆరు మేకలు నిలిచాయి. ఎముకలు తేలాయి, పాలు తగ్గాయి. అయినా తొలకరికి తేరుకున్నాయి. వాటిని నిలిపింది గట్టు మీది చెట్లే.

మొన్న పొలం పంపకాలప్పుడు మా తమ్ముడు ఆ చెట్లన్నీ కొట్టేద్దామన్నాడు. "అన్నా, నీడ పడినచోట రాగి పలచబడుతోంది, ట్రాక్టరు తిరగడం లేదు. ఇంతకూ మనకిప్పుడు గొడ్లెన్ని?" అన్నాడు. అతని మాటలో నిజం లేకపోలేదు. కానీ ఏటా పోయేది మూటో రెండు మూటలో రాగులు. కరువులో ఆవును తెగనమ్ముకుంటే మళ్ళీ కొనడం మన తరమా? రెండు రోజులు వాదించుకున్నాం. చివరకు తూర్పుగట్టువి రెండు కొట్టించి, ఉత్తరపు గట్టువన్నీ ఉంచాం. వాటి నీడ ఎక్కువకాలం అవతలి బండిదారి మీదనే పడుతుంది. బావి దగ్గర నాలుగు అవిసె మొక్కలు కూడా పెట్టాం.

సొంతూళ్ళో గట్టు మిగిలి ఉన్న పాఠకులకు ఒక్కటే మనవి. గొడ్డలి ఎత్తేముందు మంచి ఏటి దిగుబడితో పాటు కరువు ఏడాదిని కూడా లెక్కలో వేసుకోండి.