ఉప్పళం నుంచి కరువడికుప్పం దాకా

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణపు అంచున ఉన్న పేట ఉప్పళం. తమిళంలో ఆ మాటకు ఉప్పుమడి అని అర్థం. నేడు ఆ పేరు వినగానే పట్టణవాసులకు ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణం గుర్తుకు వస్తుందే గాని ఉప్పు గుర్తుకు రాదు. ఆ పేటకూ తమిళ నాటకరంగానికీ నేరుగా సంబంధమేమీ లేదు. అయినా ఇదే పట్టణంలో కన్నుమూసిన ఒక మహా నాటకకర్త తన తొలి జీతాన్ని ఉప్పు లెక్కలు వ్రాసి సంపాదించాడని తెలిసినవారు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. ఆయన సమాధి పట్టణానికి ఉత్తరాన, కరువడికుప్పం శ్మశానవాటికలో ఉంది.

తమిళ నటులు 'నాటక గురువు' అని కొలిచే శంకరదాస్ స్వామిగళ్ 1867లో తూత్తుకుడి ప్రాంతంలోని కాట్టునాయకన్‌పట్టిలో జన్మించారు. పళని దండపాణి స్వామిగళ్ వద్ద తమిళం అభ్యసించి, తూత్తుకుడిలోని ఉప్పు గిడ్డంగిలో కొంతకాలం లేఖకుడిగా పనిచేశారు. ఇరవైనాలుగేళ్ల వయస్సులో ఆ కొలువు విడిచి నాటక సమాజంలో చేరారు. అది 1891 ప్రాంతం. తెలుగు పాఠకులకు ఆ సంవత్సరం మరొక విధంగా పరిచితమే. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు తన సరసవినోదినీ సభతో మద్రాసుకు తరలివచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించినది అప్పుడే. వాటిని చూసి ముగ్ధుడైన పమ్మల్ సంబంధ ముదలియార్ అదే సంవత్సరం సుగుణ విలాస సభను స్థాపించారు. చదువుకున్న ఉద్యోగస్థుల నాటకం ఆ దారిన నడిచింది. శంకరదాస్ దారి వేరు. అది ఊరూరా డేరాలు వేసుకుంటూ, టిక్కెట్టు డబ్బులతో పొట్ట పోసుకునే వృత్తి నటుల దారి.

నటుడుగా ఆయన ధరించినవి యముడు, శనీశ్వరుడు, రావణుడు, హిరణ్యకశిపుడు వంటి భీకర పాత్రలు. ఆ వేషంలో ఆయనను చూసి ఒక గర్భవతి తల్లడిల్లిపోయిందనీ, నాటినుంచి ఆయన ముఖానికి రంగు పూసుకోలేదనీ ఒక కథ వాడుకలో ఉంది. కథలో నిజం పాలు ఎంతైనా, ఆయన వేషం మాని రచనకూ శిక్షణకూ అంకితం కావడం మాత్రం నిజం. కొంతకాలం తీర్థయాత్రలు చేసి 'స్వామిగళ్' అనిపించుకున్నారు. పెద్దవయసు నటులను ఒక నియమానికి కట్టివేయడం ఎవరి తరమూ కాదని తేల్చుకున్నారు కాబోలు, బాలుర సభలవైపు మళ్లారు. 1918లో మదురైలో తత్త్వ మీనలోచనీ విద్వత్ బాలసభ వెలిసింది. తరువాత తమిళ రంగస్థలాన్ని ఏలిన టి.కె.ఎస్. సోదరులు అందులోనే ఓనమాలు దిద్దారు. వారిలో టి.కె. షణ్ముగం కోసం గురువు 'అభిమన్యు సుందరి' నాటకమంతా ఒక్క రాత్రిలో వ్రాసి ఇచ్చారని ప్రతీతి.

చివరి రోజుల్లో పక్షవాతం ఆయన మాటను హరించింది. వేల పాటలు కట్టిన మనిషి, పిల్లల చేత పలుకులు పలికించిన మనిషి, మూగబోయి ఆ పిల్లల వెంటే తిరిగారు. అలా పుదుచ్చేరి చేరి, 1922 నవంబరు 13న ఇక్కడే తనువు చాలించారు.

పుదుచ్చేరికి రచయితలను తలచుకోవడం కొత్త కాదు. 1908 నుంచి 1918 వరకు ఇక్కడ ప్రవాసమున్న సుబ్రహ్మణ్య భారతి నివాసం స్మారకమందిరమైంది. ఈ ఊరి బిడ్డ భారతీదాసన్ ఇల్లు కూడా అంతే. భారతీదాసన్‌కు మరణానంతరం 1969లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది ఒక నాటకానికేనన్నది చాలామంది మరచిన సంగతి. విజయనగరంలో గురజాడ ఇంటిని చూసినవారికి ఇటువంటి మందిరాల గౌరవం ఏమిటో తెలుసు. కుర్చీ, కళ్లజోడు, చేతివ్రాత, గోడమీద పటం. కాని సంచార నాటకకర్తకు ఇల్లెక్కడిది? విడిది మారిన ప్రతిసారీ పెట్టె సర్దుకున్నవాడు ఊరికి అప్పగించగలిగినది సమాధి ఒక్కటే.

ఏటా నవంబరు 13న ఆ సమాధి దగ్గరకు నాటక కళాకారులు వస్తారు. పూలమాలలు వేసి, ఆయన పాటలు పాడి, గురువుకు మ్రొక్కి వెళతారు. మదురైలో ఆయన విగ్రహం ఉంది, నటుల సంఘాలు గురుపూజలు జరుపుతాయి, చెన్నైలో దక్షిణ భారత నటుల సంఘం తన రంగశాలకు ఆయన పేరే పెట్టుకుంది. కాని కరువడికుప్పానికి వచ్చేవారి భక్తిలో సాహిత్యాభిమానం కంటే వేరైనదొకటి ఉంది. వారిలో అనేకులకు ఆ నాటకాలే నేటికీ కూడు పెడుతున్నాయి.

దానిని అర్థం చేసుకోవడానికి మదురై, పుదుక్కోట్టై ప్రాంతాల 'స్పెషల్ నాటకం' పద్ధతి తెలియాలి. దానికి సమాజమంటూ లేదు, రిహార్సలూ లేదు. గుడి ఉత్సవానికి ఊరివారు నటీనటులను ఒక్కొక్కరినీ విడివిడిగా కుదుర్చుకుంటారు. రాజపాత్ర ఒక ఊరినుంచి, నాయిక మరో ఊరినుంచి, హార్మోనియం వాయించేవారు ఇంకో ఊరినుంచి బస్సు దిగుతారు. రాత్రి పది గంటలకు బఫూన్ హాస్యంతోనూ నృత్యంతోనూ ఆట మొదలవుతుంది. ఆపై 'వళ్లి తిరుమణం' కథ నడుస్తుంది. నారదుడికీ వళ్లికీ వాదోపవాదం ముదురుతుంది, తెల్లవారుతుంది. అంతకుముందు ఒకరి ముఖం ఒకరు చూడనివారు సైతం ఒక్క రాత్రిలో అంత నాటకాన్ని నిలబెట్టగలుగుతున్నారంటే అందరికీ ఉమ్మడిగా ఒక పాఠం ఉన్నందువల్లనే. ఆ పాఠం శంకరదాస్‌ది.

తెలుగువారికి ఇది వింతగా తోచదు. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో తిరుపతి వెంకటకవుల పాండవ నాటకాలు ఇలాగే నడిచాయి. కృష్ణుడు ఒక ఊరివాడు, దుర్యోధనుడు మరొక ఊరివాడు. పద్యం మాత్రం ఇద్దరికీ కంఠస్థం. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి కృష్ణుల పేరు చెబితే చాలు, జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. కవుల పేరు తెలియని ప్రేక్షకుడికి సైతం పద్యాలు తెలుసు. నాటకకర్తకు ఇంతకు మించిన ఖ్యాతి లేదనవచ్చు, ఇంతకు మించిన ప్రమాదమూ లేదనవచ్చు.

ఆ ప్రమాదమేమిటో శంకరదాస్ రచనల గతి చూస్తే తెలుస్తుంది. ఆయన నాటకాలు 68 అని కొందరు, 40 అని కొందరు లెక్క చెబుతారు. చేతికి దక్కినవి వాటిలో కొన్నే. మిగిలినవి నటుల నోళ్లలో కరిగిపోయాయి. దక్కినవాటిలోనైనా ఏ చరణం గురువుది, ఏది తరాల నటులు వాదం రక్తికట్టడానికి కలుపుకొన్నది అన్నది తేల్చడం కష్టం. సమాధి దగ్గర పాడే పాటలో సైతం ఆ కలగలుపు ఉండవచ్చు. పాడేవారికి ఆ శంక లేదు. వారికి అదంతా గురువు పెట్టిన భిక్ష. కాని ఆ పాటలు తెలిసిన ముసలి నటులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నప్పుడు ఏటేటా వేసే పూలమాల ఒక్క చరణాన్నైనా కాపాడదు.

పుదుచ్చేరి విశ్వవిద్యాలయం తన రంగస్థల కళల విభాగానికి శంకరదాస్ స్వామిగళ్ పేరు పెట్టుకుంది. దానికి తొలి సారథి ఆధునిక తమిళ నాటకకర్త ఇందిరా పార్థసారథి. పురాణకథను పాటలతో తెల్లవార్లూ నడిపించినవాడి పేరిట, పాటకు దూరంగా జరిగిన నాటకాన్ని సాధన చేయడంలో కొంత విడ్డూరం ఉన్నా, పేరు సరైన చోటనే నిలిచింది. ఇంటి మందిరం చేయలేని పని విద్యాలయం చేయగలదు. 2022 నవంబరుతో ఆయన పోయి నూరేళ్లు నిండాయి. స్పెషల్ నాటకాల వృద్ధనటులను పిలిచి ఒక రాత్రంతా కూర్చోబెట్టి, 'వళ్లి తిరుమణం' ఒక్కొక్కరి నోట ఎలా ఉందో పక్కపక్కన వ్రాసుకుంటే, అచ్చులో లేని శంకరదాస్ ఎంత మిగిలి ఉన్నాడో తెలిసిపోతుంది. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు. ఒక హార్మోనియం, కొన్ని నోటు పుస్తకాలు, శబ్దగ్రహణ యంత్రం ఒకటి, వచ్చిపోయేవారికి బస్సు చార్జీలు.