హీరోగారూ, ఆయిల్ చూసుకున్నారా?

సినిమాల్లో కారు ఛేజింగులు చూడనివాళ్లెవరు చెప్పండి! హీరో మేడ మీంచి దూకుతాడు. సరిగ్గా కిందే స్పోర్ట్స్ కారు ఉంటుంది. తాళంచెవి అందులోనే ఉంటుంది. ట్యాంకు నిండా పెట్రోలూ ఉంటుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో టైర్లు కెవ్వుమంటాయి, విలన్ కారు లోయలో పడుతుంది, హాల్లో ఈలలు మోగిపోతాయి. అంతా బాగానే ఉంది. కానీ ఏ హీరో అయినా కారెక్కే ముందు మూత ఎత్తి, ఇంజన్లో ఆయిల్ ఎంతుందో చూసుకున్నాడా? నేనైతే చూళ్లేదు.

అది చూపిస్తే టిక్కెట్టు ఎవరు కొంటారంటారా? నిజమే. కానీ నా జీవితంలోకీ ఓ స్పోర్ట్స్ కారు వచ్చింది. ఒకే ఒక్కసారి. ఆ సీన్లో ఆయిల్ చూసినవాణ్ని నేనే. దాంతో ఒక షూటింగ్ ఆగిపోయింది. అంచేత ఈ కథలో విలన్నీ నేనే!

1983. నాకు పంతొమ్మిదేళ్లు. గది చిక్కడపల్లిలో, సాయంకాలం కాలేజీ నారాయణగూడలో, పని అశోక్‌నగర్‌లో. మూడింటి మధ్యా నటరాజా సర్వీసే. పని అంటే కుర్చీలో కూర్చునేది కాదు. అశోక్‌నగర్ సందులో ఓ మెకానిక్ షెడ్డు. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అదే అనేవాణ్ని. పానాలు అందించడం, పార్టులు కిరసనాయిల్లో కడగడం, పొద్దున్నే వచ్చిన అంబాసిడర్లకీ ఫియట్లకీ ఆయిల్ చూడటం నా డ్యూటీ. ఆయిల్ చూడటంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం.

ఓ రోజు షెడ్డు ముందు ఎర్రటి కారు ఆగింది. పోర్షే 911! పశ్చిమ జర్మనీలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసొచ్చిన ఓ సారు, సుంకం కట్టి వెంట తెచ్చుకున్నది. స్టీరింగ్ ఎడం వైపు. కప్ప పడుకున్నట్టు నేలకు ఆనుకుని ఉంది. సందులో పిల్లలంతా చేరిపోయారు. నేను గొప్పగా ముందు మూత ఎత్తాను. లోపల ఇంజన్ లేదు! స్టెప్నీ టైరు ఉంది. పిల్లలు ఒకటే నవ్వు. ఇంజను ఎక్కడుందంటారూ... వెనకాల, మన కార్లలో డిక్కీ ఉండే చోట. అక్కడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

బ్రేకుల పని కోసం ఆ కారు మూడ్రోజులు షెడ్డులోనే ఉంది. ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ మీద ఓ సినిమావాళ్ల షూటింగ్. హీరో ఆ కారులో దూసుకుపోయే షాటు ఒకటి తీస్తారట. ఆ పని సవ్యంగా జరిగితే ఇక మీదట షూటింగు కార్లన్నీ ఉస్తాద్ షెడ్డు నుంచే మాట్లాడతామని కంపెనీ మేనేజరు మాటిచ్చాడు. ఉస్తాద్ ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. అప్పటికే మనసులో షెడ్డుకి కొత్త రేకులు కూడా వేయించేసుకున్నాడు.

శనివారం సాయంత్రం ఉస్తాద్ బయటికెళ్తూ, "బండి తుడువు. ఇంకేం ముట్టకు" అన్నాడు. తుడిచాను. తుడిచాక ఊరుకోబుద్ధి కాలేదు. వెనక మూత ఎత్తి, కుడిపక్క ఆయిల్ పోసే గొట్టం మూత విప్పి, అందులో ఉన్న డిప్‌స్టిక్ లాగాను. గుడ్డతో తుడిచి మళ్లీ దించి లాగాను. పుల్ల మీద చుక్క లేదు!

గుండె ఝల్లుమంది. ఇంజన్లో ఆయిల్ లేకుండా రేపు హీరో ఎక్కితే ఏం గాను! షెడ్డులో ఉన్న డబ్బా విప్పి పోయడం మొదలెట్టాను. ఒక లీటరు. పుల్ల కొస తడిసింది. రెండు. ఇంకా గీత దాకా రాలేదు. మూడో లీటరు పడ్డాక గీత అందుకుంది. ఓ విదేశీ కారు ప్రాణం కాపాడానన్న సంబరంతో ఆ రాత్రి సెకండ్ షోకి పోయాను. ఉస్తాద్‌కి చెప్పలేదు. ముట్టొద్దన్నాడుగా మరి!

ఆదివారం పొద్దున్నే సారు వచ్చాడు. బ్రేకులు చూసుకోవడానికి ఓ రౌండు వేసొద్దామన్నాడు. ఉస్తాద్ ముందు కూర్చున్నాడు. వెనకున్నది పేరుకే సీటు, అందులో నన్ను మడత పెట్టి కుక్కారు. నారాయణగూడ దాకా వెళ్లాం. తిరిగి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వచ్చేసరికి ఇంజను బాగా వేడెక్కింది. అక్కడ కారు ఆగింది. అంతే! వెనక నుంచి నీలం కలిసిన తెల్లపొగ లేచింది. కాసేపట్లో రోడ్డు కనిపించలేదు. మార్నింగ్ షో టిక్కెట్ల కోసం నిలబడ్డ కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. "డ్రీమ్ సాంగ్ రా! ఇప్పుడు హీరోయిన్ దిగుతది సూడు!" అని ఒకడు అరిచాడు. దిగింది హీరోయిన్ కాదు. చెమటలు కక్కుతూ నేను.

సారు ముఖం కారు రంగుకి తిరిగింది. ఉస్తాద్ మాత్రం కంగారు పడలేదు. కారుని చదునుగా ఉన్న చోటికి తీయించి, "ఇంజన్ బంద్ చెయ్యకుండ్రి సార్" అన్నాడు. ఇంజను తిరుగుతుండగానే పుల్ల లాగి చూశాడు. ఆయిల్ పై గీత దాటి ఎక్కడికో పోయింది. గాలి ఫిల్టరు విప్పాడు. అందులో ఆయిల్ మడుగు కట్టి ఉంది. ఎక్కువైన ఆయిలు వేడికి ఇంకా పొంగి, గాలి గొట్టంలోంచి ఫిల్టర్లోకి తన్ని, పెట్రోలుతో పాటు మండి ఆ పొగ వచ్చిందన్నమాట.

ఉస్తాద్ ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత సారు వైపు తిరిగి, "నాదే తప్పు సార్. నేనే ఎక్కువ పోసిన" అన్నాడు.

సారు నడిరోడ్డు మీద అన్న మాటలు ఇక్కడ రాయను. షాటుకి టైము దాటిపోయింది. సినిమావాళ్లు మరో కారు పెట్టుకున్నారు, తర్వాత మరో షెడ్డూ చూసుకున్నారు. మూడ్రోజుల బ్రేకు పనికి ఉస్తాద్ ఒక్క రూపాయి తీసుకోలేదు. షెడ్డుకి చేర్చాక ట్యాంకు కింద బిరడా విప్పి ఆయిల్ తీసి కొలిచాడు, ఫిల్టరు కడిగాడు. ఇంజను బతికింది. నేనే చచ్చిపోయినంత పనయ్యింది.

సాయంత్రం ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని అంతా కక్కేశాను. ఉస్తాద్ చాయ్ సాసర్లో పోసుకుంటూ, "నాకు ఎర్కే. డబ్బా లేపితే తేలిగ్గుండె" అన్నాడు.

"మరి మీ మీదెందుకు వేసుకున్నారు ఉస్తాద్?"

"నీ పేరు జెప్తే నిన్ను కొడ్తుండె. నా పేరు జెప్తే తిట్లతోని పాయె." సాసరు కింద పెట్టి మళ్లీ అన్నాడు. "పోసినందుకు కాదుర బాధ. పోసి చెప్పకపోతివి. నిన్న రాత్రే చెప్తే తీసేస్తుంటి గద."

నలభై ఏళ్లు దాటినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

మర్నాడు పొద్దున షెడ్డులో పాఠం మొదలైంది. వారం రోజులుగా మూలన నిలబడి ఉన్న ఓ బుల్లెట్ మోటార్ సైకిల్ని బయటికి లాగాడు. నాతోనే ఆయిల్ చూపించాడు. బాగా తక్కువుంది. స్టార్ట్ చేసి కాసేపు నడిపించి, ఆపి మళ్లీ చూడమన్నాడు. ఆయిల్ పైకొచ్చింది! చుక్క పోయలేదు సుమండీ. "గిది మద్రాసు పోర్షే" అని నవ్వాడు. 1955 నుంచీ మద్రాసులో తయారవుతూ వచ్చిన ఆ పాత ఇనప ఇంజన్ల బుల్లెట్‌లో ఆయిల్ ఉండే అర వేరు, ఇంజను తిరిగే గది వేరు. బండి రోజుల తరబడి నిలబడితే ఆయిల్ మెల్లగా అరలోంచి గదిలోకి జారుతుంది. నడిపితే పంపు దాన్ని మళ్లీ అరలోకి తోడుతుంది. ఉస్తాద్ అంతకు ముందు పోర్షే మొహం చూసినవాడు కాదు. కానీ బుల్లెట్లు వందల కొద్దీ విప్పాడు. పుల్ల ఇంజన్లో కాక విడి ట్యాంకులో ఉందని చూడగానే ఆయనకి సంగతి బోధపడింది.

ఆ ట్యాంకు గొడవంతా ఎందుకంటారా? అంబాసిడర్ లాంటి మామూలు కారులో ఆయిలు ఇంజను కిందున్న చాంబర్లోనే ఉంటుంది, సుమారు నాలుగు లీటర్లు. పళ్లెంలో పులుసు పోసుకుని పరుగెత్తి చూడండి. మలుపు తిరగ్గానే పులుసంతా ఓ పక్కకి పోదూ! స్పోర్ట్స్ కారు వేగంగా మలుపు తిరిగితే చాంబర్లో ఆయిల్‌కీ అదే గతి. పంపు నోటికి ఆయిల్ బదులు గాలి అందుతుంది. బేరింగుల దగ్గర ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండాల్సిన పల్చటి పొర మాయమవుతుంది. ఇక ఇంజను పట్టేయడమే! అందుకని పందెం కార్లవాళ్లు ఆయిల్‌ని విడి ట్యాంకులో పెట్టారు. ఓ పంపు కింద పడ్డ ఆయిల్‌ని ట్యాంకులోకి తోడుతుంటే, ఇంకో పంపు ట్యాంకులోంచి ఇంజనుకి అందిస్తుంది. దీన్ని డ్రై సంప్ అంటారు. ఆ రోజుల 911కి నీళ్ల రేడియేటరు లేదు. గాలీ ఆయిలే దాన్ని చల్లబరచాలి. అందుకే దానికి పది లీటర్ల పైచిలుకు ఆయిల్ పట్టేది. స్టీవ్ మెక్వీన్ నటించిన 'లె మాన్స్' (1971) చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, మొదట్లో ఆయన ఊరి దారుల్లో నింపాదిగా నడుపుకొచ్చే కారు 911.

కంపెనీవాళ్లూ తక్కువ తిప్పలు పడలేదు. 1972 మోడల్లో ఆయిల్ పోసే మూతని కారు బయట, కుడి పక్కన పెట్టారు. పెట్రోలు బంకుల్లో కొందరు అదే పెట్రోలు మూత అనుకుని అందులో పెట్రోలు పోశారు! మరుసటి ఏడాదే ఆ మూతని మళ్లీ లోపలికి మార్చేశారు. చదివినప్పుడు నాకు చెప్పలేనంత ఊరట కలిగింది. లోకంలో నేనొక్కణ్నే కాదన్నమాట!

మరి ఆయిల్ చూసేదెలా? అంబాసిడర్ లాంటి కారైతే చదును నేల మీద ఆపి, ఇంజను కట్టేసి, పైనున్న ఆయిల్ కిందికి దిగేదాకా ఓ పది నిమిషాలు ఆగాలి. పుల్ల లాగి, తుడిచి, పూర్తిగా దించి, మళ్లీ లాగాలి. రెండు గీతల మధ్య ఉంటే నిశ్చింత. పాత 911 అయితే ఇందుకు సరిగ్గా తలకిందులు. ఇంజను బాగా వేడెక్కాలి, నేల చదునుగా ఉండాలి, ఇంజను నిదానంగా తిరుగుతూ ఉండగానే చూడాలి. చల్లారిన ఇంజను మీద చూస్తే ఆ పుల్ల చెప్పేది ఆయిల్ ఎంతుందో కాదు, ట్యాంకులో ఎంత మిగిలిందో. ఉస్తాద్ మాటల్లో చెప్పాలంటే, "నిద్రబోయేటోన్ని లేపకుండ ఆకలైతుందా అని అడిగినవ్!"

ఇంకో రెండు ముక్కలు. డాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు ప్రెషర్ సంగతి చెబుతుంది గాని కొలత చెప్పదు. అది వెలిగిందంటే ఇంజన్ ఆపేయాల్సిందే, అప్పటికే ఆలస్యం. ఆయిల్ నల్లబడితే మసిని పట్టుకుందని అర్థం, కంగారు లేదు. నీళ్ల ఇంజన్లో మజ్జిగలా తెల్లబడితే మాత్రం నీళ్లు కలిశాయేమోనని వెంటనే చూపించుకోవాలి. తక్కువైతేనే ముప్పనుకోకండి. ఎక్కువైనా ముప్పే. మామూలు కారులో క్రాంకు షాఫ్టు ఆయిల్ని కవ్వంలా చిలికి నురగ చేసేస్తుంది. నురగని నమ్ముకుని ఏ బేరింగూ బతకదు. అనుమానమొస్తే పావు లీటరు పోయండి, మళ్లీ చూడండి. నాలా మూడు లీటర్లు గుమ్మరించకండి!

ఇప్పుడా షెడ్డు లేదు, ఉస్తాదూ లేడు. అశోక్‌నగర్ నిండా పోటీ పరీక్షల కోచింగు కుర్రాళ్లే. నేను కాళ్లీడ్చుకుంటూ తిరిగిన చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా 2020 ఫిబ్రవరి 7 నుంచి మెట్రో పోతోంది. సంధ్య, సుదర్శన్‌ల దగ్గర కొత్త సినిమా సందడి మాత్రం అలాగే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందేలు జరిగితే మేనల్లుడితో కలిసి వెళ్లాను. అవి కరెంటు కార్లు. పొగ లేదు, ఇంజనే లేదు, ఇక ఇంజన్ ఆయిల్ ఎక్కడిది! "నీ డిప్‌స్టిక్‌కి కాలం చెల్లింది మామయ్యా. ఇప్పటి పోర్షేల్లో కూడా చాలావాటికి పుల్ల ఉండదు, తెర మీదే చూపిస్తుంది" అన్నాడు వాడు.

"ఆ తెరైనా ఇంజన్ వేడెక్కాలి, కారు చదునుగా నిలబడాలి అంటుందా లేదా?" అన్నాను.

వాడు ఫోన్లో వెతికి, "అంటుంది" అన్నాడు.

చూశారా, ఉస్తాద్ ఎక్కడికీ పోలేదు!