వింటికి కన్ను

డెట్రాయిట్ నుంచి ఉత్తరంగా కారులో మూడు గంటలు పోతే గ్రేలింగ్ అనే చిన్న ఊరు వస్తుంది. అది నిజానికి ఒక చేప పేరు. ఊరి పక్క నదిలో ఒకప్పుడు ఆ చేపలు కోకొల్లలట. అడవులు నరికి దుంగలను నదిలోకి వదిలిన రోజుల్లో క్షీణించి, 1930ల నాటికి మిషిగన్ రాష్ట్రంలోనే లేకుండా పోయాయి. ఊరికి పేరు మాత్రం మిగిలింది.

దసరా సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని మా మేనల్లుడి ఇంటికి వెళ్ళిన నేను, వాడి పక్కింటాయన వెంట ఆ ఊరు చేరాను. ఆయన మోటారు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. అక్కడ అక్టోబరు 1 నుంచి విల్లంబులతో జింకల వేటకు అనుమతి. "చీమను తొక్కితే అయ్యో అంటావు, నీకెందుకు మావయ్యా వేట?" అని మావాడు నవ్వాడు. నిజమే! కాని ఏళ్ళ తరబడి క్లాసులో ప్రబంధాల వేట ఘట్టాలు చెబుతూ వచ్చానే గాని, విల్లు ఎక్కుపెట్టిన మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు.

తీరా విల్లు చూస్తే ప్రాణం ఉసూరుమంది. రెండు కొసలా కప్పీలు, వాటిచుట్టూ తాళ్ళు. బావి గిలకకు చుట్టమనిపించింది. 1969లో హోలిస్ అలెన్ అనే మిస్సోరీవాసి పేటెంటు పొందిన తరహా అది. దానికి తోడు, పిడికి అగ్గిపెట్టెకన్న కాస్త పెద్దదైన కెమెరా ఒకటి బిగించాడు.

"వేటకు వచ్చారా, సినిమా తీయడానికి వచ్చారా?" అన్నాను.

ఈ ఊళ్ళో రెండూ పాత చుట్టాలేనన్నాడాయన. ఫ్రెడ్ బేర్ అనే విలుకాడు, డెట్రాయిట్‌లో అలాస్కా వేట సినిమా చూసి వింటి వ్యామోహంలో పడ్డాడు. 1947లో ఇక్కడే విళ్ళ కర్మాగారం పెట్టాడు. తన వేటలను కూడా సినిమాలు తీయించాడు. 1988లో పోయాడు. కర్మాగారం అంతకుముందే ఫ్లోరిడాకు తరలిపోయింది.

కెమెరా బిగించడం చూస్తే తేలిక, చేస్తే తిప్పలు. వింటి పిడికి ముందువైపు మరచుట్ల బెజ్జం ఉంటుంది. విల్లు ఊగకుండా అందులో ఒక కడ్డీ బిగిస్తారు. మొదటి ఏడు ఆయన కెమెరాను ఆ కడ్డీ కొసన తగిలించాడట. విల్లు ముందుకు వాలిపోయింది. బాణం వదలగానే పుట్టే అదురుకు బొమ్మంతా చెదిరింది. ఇప్పుడు పిడికి ఆనుకొని, రబ్బరు ముక్క వేసి బిగించాడు. సాధన కూడా దానితోనే. లేని బరువుకు అలవాటుపడిన చెయ్యి, ఉన్న బరువుకు తప్పుతుందన్నాడు. కీచుమనే చప్పుడూ, మినుకుమనే దీపమూ ముందే ఆర్పేశాడు.

బాణం సెకనుకు సుమారు 280 అడుగులు పోతుంది. కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీస్తే, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య బాణం తొమ్మిది అడుగులు దాటిపోతుంది. 240 తీస్తే అడుగు పైచిలుకే గాని, సందెచీకటిలో బొమ్మ నల్లబడుతుంది. అందుకని 120కి రాజీపడ్డాడు.

ఆ సాయంత్రం ఆయన చెట్టుమీది మంచె ఎక్కాడు. నేను కొయ్యగదిలో పొయ్యి దగ్గర కూర్చున్నాను. చీకటి పడ్డాక వచ్చి, "ముందుకాలి వెనకే, ఊపిరితిత్తుల్లో తగిలింది. పద, వెతుకుదాం" అన్నాడు. లాంతరు తీశాడు. నేను బూట్లు కట్టుకుంటున్నాను. ఎందుకో ఆగి, కెమెరాలోని బొమ్మలు ఒక్కొక్కటే కదిపి చూశాడు. బాణం తోకన చిన్న దీపం ఉంది. అది గాలిలో ఉండగానే జింక అరడుగు ముందుకు వేసింది. దీపం పక్కటెముకలు దాటి, కడుపులో మునిగింది.

ఆయన లాంతరు కింద పెట్టేశాడు.

ఊపిరితిత్తులకు తగిలితే అరగంట ఆగి వెళ్ళవచ్చు. కడుపులో తగిలిన జింక దగ్గరలోనే పడుకుంటుంది, గంటల తరబడి బాధపడి ప్రాణం విడుస్తుంది. తొందరపడి కదిపితే మైళ్ళు పరుగెత్తి, ఎవరికీ దొరకని చోట చస్తుంది. కాబట్టి తెల్లవారేదాకా ఆగాలి. శబ్దవేధి దశరథుడికి, తాను కొట్టింది ఏనుగును కాదని ఆర్తనాదం వింటేగాని తెలియలేదు. ఈయన కళ్ళారా చూసి కొట్టాడు. అయినా పొరబడ్డాడు.

అర్ధరాత్రి దూరంగా కొయొటీలు కూశాయి. నక్కకూ తోడేలుకూ నడిమి జాతి అవి. "వాటికి దొరికిందేమో" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు, పడుకోనూ లేదు. నాకు ఆయనమీద కోపం వచ్చింది, జాలీ వేసింది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంది. మంచెకు నూటయాభై అడుగుల దూరంలో, దేవదారు వంటి చెట్ల కింద, నెమరువేస్తున్నట్టే పడుకొని ఉంది. ఒళ్ళు చల్లబడింది. ఆయన టోపీ తీసి, దాని మెడమీద చెయ్యి వేసి కొంతసేపు కూర్చున్నాడు. తర్వాత చీటీ కట్టి, కొమ్ము ఒకటి నన్ను పట్టుకోమన్నాడు.

పట్టుకున్నాను. కారు దాకా లాగేసరికి ఇద్దరికీ అరగంట పట్టింది.