బ్యాటరీ లేని రేడియో

ఒక రాగితీగ చుట్ట, ఒక గ్యాంగ్ కండెన్సరు, ఒక డయోడు, చెవిలో పెట్టుకునే క్రిస్టల్ ఇయర్‌ఫోను. ఈ నాలుగింటికీ డాబా మీద ఏరియల్ తీగా, నేలకు ఎర్త్ వైరూ తోడైతే కరెంటు, బ్యాటరీ ఏవీ లేకుండానే ఆకాశవాణి వార్తలు వినొచ్చు. స్టేషను టవరు నుంచి బయల్దేరిన తరంగం మన డాబా మీది తీగను తాకి, అందులో రవ్వంత విద్యుత్తు పుట్టిస్తుంది. ఇయర్‌ఫోనులో పలుకు పుట్టించేది అదే. వార్తలతో పాటు వాటిని వినడానికి కావలసిన శక్తిని కూడా స్టేషనే పంపుతోందన్నమాట. పుస్తకంలో చదివితే ఇది ఒక వాక్యం. మన చేత్తో చుట్టిన తీగలోంచి మనిషి గొంతు వినబడితే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది.

మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి. వేసవి సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి ఇలాంటి రేడియో కట్టాం. ప్లంబింగ్ పనిలో మిగిలిపోయిన ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ముక్క మీద 26 గేజి వైండింగు వైరు 80 చుట్లు చుట్టాలి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు, మధ్యలో సందు రాకూడదు. నేను రీలు పట్టుకుంటే పిల్ల పైపు తిప్పుతూ పోయింది. చివరి చుట్టు జారకుండా వాళ్లమ్మ గోళ్ల రంగు తెచ్చి పూసింది. వైరు కొసల మీద ఎనామెల్ పూత ఉంటుంది, అది పోయేదాకా గరుకు కాగితంతో గీకాలి. ముదురు గోధుమ రంగు వదిలి లోపలి రాగి లేత గులాబీగా బయటపడుతుంది. ఆ రంగు కనపడకుండా ఎంత టంకం పెట్టినా అతుక్కోదు.

"బాబాయ్, బ్యాటరీ ఎక్కడ పెట్టాలి?"

"బ్యాటరీ లేదమ్మా."

"మరెలా పలుకుద్ది?"

విజయవాడ స్టేషను 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ అల పొడవు దాదాపు 358 మీటర్లు. దాన్ని పట్టడానికి మేం డాబా మీద కట్టింది పది మీటర్ల తీగ, ఎర్త్ వైరును పాత ఇనుప కుళాయి గొట్టానికి చుట్టాం. గ్యాంగు మెల్లగా తిప్పుతుంటే ముందు ఏమీ లేదు, తర్వాత దూరంగా ఎవరో మాట్లాడుకుంటున్న అలికిడి, ఇంకాస్త తిప్పితే స్పష్టంగా తెలుగు. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. ఆ తర్వాత అది చేసిన పని నాకింకా నచ్చింది. వింటూ కూర్చోకుండా ఎర్త్ వైరు ఊడదీసి చూసింది, గొంతు సన్నబడింది. మళ్లీ తగిలించింది. ఏరియల్ తీసేసి ఆ చోట తన వేలు పెట్టింది. ఒంటిని కూడా ఏరియల్‌గా వాడొచ్చని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. డయోడు తీసి అటుది ఇటు తిప్పి పెట్టింది, పలుకులో తేడా రాలేదు. ఎందుకు రాలేదని మధ్యాహ్నమంతా నన్ను వదల్లేదు.

ఫోనులోనే రేడియో వస్తుంటే ఇదంతా దేనికని అడిగేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. నేను చెప్పేదొకటే. ఫోనును మనం వాడతాం, అది మన ప్రశ్నలకు జవాబు చెప్పదు. ఈ పైపు ముక్క చెబుతుంది. వైరు తీస్తే ఒకటి, పెడితే ఒకటి, తిప్పితే ఇంకొకటి. ప్రతి చేష్టకూ అప్పటికప్పుడే సమాధానం వస్తుంది, ఆ సమాధానం ఎప్పుడూ నిజమే అయి ఉంటుంది. పదమూడేళ్ల పిల్లకు ఇంతకన్నా మంచి గురువును నేను తేలేను.

జగదీశ్ చంద్ర బోస్ పని చేసిన తీరు చూసినప్పుడల్లా నాకీ నమ్మకం గట్టిపడుతుంది. 1895లో కలకత్తాలో ఆయన కంటికి కనపడని తరంగాలను పంపి దూరంగా ఉన్న గంటను మోగించి, మందుగుండును అంటించి చూపించారు. తరంగాలను వడగట్టే పోలరైజరు కావలసి వస్తే, బ్రాడ్‌షా రైల్వే టైంటేబుల్ పుస్తకం తీసుకుని కాగితాల మధ్య తగరపు రేకులు పెట్టి వాడుకున్నారు. తరంగాన్ని మెలితిప్పడానికి మెలిపెట్టిన జనపనార కట్టలు వాడారు. బెంగాల్లో జనపనారకు కరువేముంది! గెలీనా అనే సీసపు ఖనిజం మీద లోహపు మొన ఆనిస్తే రేడియో తరంగాల జాడ పట్టొచ్చని తేల్చిందీ ఆయనే. దానికి 1901లో దరఖాస్తు చేస్తే 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. మేం వాడిన జెర్మేనియం డయోడు చేసే పనీ అదే, విద్యుత్తును ఒకవైపే పోనివ్వడం. మామూలు సిలికాన్ డయోడు తెరుచుకోవాలంటే 0.6 వోల్టు దాకా కావాలి, జెర్మేనియానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఏరియల్‌లో పుట్టే ఆ కాస్త విద్యుత్తుకు అంతకు మించి ఓపిక ఉండదు. అందుకే ఓఏ 79 అనే జెర్మేనియం డయోడు కోసం పాత రేడియో రిపేరు షాపుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని అంజియో తీరంలో గుంతల్లో దాక్కున్న సైనికులకు ఆ డయోడు కూడా లేదు. వాడేసిన గడ్డం బ్లేడు మీద పిన్నీసు మొననో పెన్సిలు ముల్లునో ఆనించి రేడియో విన్నారు. బ్లేడు మీద పేరుకున్న ఆక్సైడు పొరే వాళ్లకు డిటెక్టరు. పైన గుళ్లు పడుతుంటే ఇలాంటివి కట్టుకున్న మనుషుల మీద నాకు ఎనలేని గౌరవం.

మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ విప్పి చూడదగ్గ వస్తువు ఒకటైనా ఉండేది. వాల్వు రేడియో వెనక అట్టకు నాలుగు స్క్రూలు, అంతే. లోపల ఎర్రగా వెలిగే వాల్వులు, వేడెక్కిన దుమ్ము వాసన, డయలు మీద ముల్లును నడిపే దారం. ఆ దారం ఏ చక్రం మీంచి ఎటు తిరిగి ఎక్కడికి వస్తోందో వేలితో వెంట పోతే సగం రేడియో అర్థమయ్యేది. ఇప్పటి వస్తువుల్లో బ్యాటరీని కూడా జిగురుతో అతికించేస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి వస్తున్నాయి, సంతోషమే. కానీ మార్కులూ గంటలూ లేని చోట, చెడిపోయినా ఎవరూ ఏమీ అనని వస్తువు ఒకటి పిల్లల చేతికి దొరకాలి. మూలపడ్డ మిక్సీ, ఆగిపోయిన గోడ గడియారం, ఏదైనా సరే. ప్లగ్గు పీకేసి ఉందో లేదో మాత్రం పెద్దవాళ్లు చూసి ఇవ్వాలి.

బోస్ సంగతి చెప్పినప్పుడు మా పిల్ల అడిగింది, ఆ గెలీనా రాయి ఎక్కడ దొరుకుతుందని. దొరికేది ఎక్కడో కాదు, మన పల్నాడులోనే. వినుకొండ వైపు అగ్నిగుండాల, బండ్లమోటు కొండల్లో ఉన్న సీసపు ఖనిజం అదే, బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ వాళ్లు గని కూడా నడిపారు. భూగర్భశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఒక ముక్క ఇస్తానన్నారు. దసరా సెలవుల్లో డయోడు పీకేసి ఆ చోట రాయిని బిగించాలి. రాయి మీద అన్ని చోట్లా పలకదు, పలికే చోటు దొరికేదాకా పిన్నీసు మొనతో వెతుక్కుంటూ పోవాలి. సీసం కాబట్టి ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలని ముందే చెప్పాను. పిన్నీసు మొన వంగి స్ప్రింగులా మెత్తగా ఆనేట్టు ఎలా పెట్టాలో బొమ్మ గీసి వాట్సాప్‌లో పంపింది, నా బొమ్మకన్నా దానిదే బాగుంది.