యతి కుదరని పాదం

ఆరేళ్లుగా కవిత్వ పుస్తకాల మీద సమీక్షలు రాస్తున్నాను. పగలు కోడ్ రివ్యూ, రాత్రి కవిత్వం రివ్యూ. రెండిట్లోనూ నా కన్ను ముందు తప్పుల మీదికే పోతుంది. ఓసారి ఒక కుర్రాడి తొలి సంపుటి గురించి "ఇందులో కవిత్వం ఇంకా మొదలవలేదు" అని రాశాను. ఆ వాక్యం నాకు భలే నచ్చింది కూడా. ఆ తర్వాత అతని కవిత నాకెక్కడా కనబడలేదు.

పోయినేడు మా అవ్వ పోయింది. మహానందిలో అరటితోట పక్కనే ఆమె ఇల్లు. సంవత్సరీకానికి ఆమె మీద ఏదైనా రాసి చదవాలనుకున్నాను. అలా ముప్పై నాలుగేళ్లకు మొదటిసారి కవిత రాయడానికి కూర్చున్నాను.

వచనకవిత పది నిమిషాల్లో వచ్చేసింది. మళ్లీ చదివితే 'మౌనం' రెండుసార్లు, 'శూన్యం' ఒకసారి, 'జ్ఞాపకాల తెరలు' ఒకసారి. అవ్వ ఎక్కడా లేదు. ఆ కుర్రాడి పుస్తకంలో నేను పెన్సిల్‌తో గీతలు పెట్టిన మాటలే ఇవన్నీ.

సరే, ఛందస్సు అయితే చెయ్యి పట్టుకుని నడిపిస్తుందేమో అని ఆటవెలది ఎంచుకున్నాను. వేమన ఛందస్సు. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తెలుగు నేర్చుకుంటూ ఆ పద్యాలు పోగుచేసి 1829లో అచ్చు వేయించాడు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా దగ్గరి దారేముంది? బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. గురులఘువులు లెక్కపెట్టడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. వారం తిరిగేసరికి నాలుగు పాదాలూ పాసయ్యాయి.

సంవత్సరీకానికి ముందురోజు అమ్మతో కలిసి గుడికి వెళ్లాను. కోనేరు ఎప్పటిలాగే ఉంది. అడుగున పడ్డ రూపాయి బిళ్ల మెట్ల మీంచే కనబడుతోంది. ఊటనీళ్లు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. బయటికెళ్లి అరటితోటలకు పారతాయి. మెట్ల మీద కూర్చుని అమ్మకు పద్యం చదివి వినిపించాను.

"బాగుందిలే. ఎవురి మీద రాసినావు?" అంది.

"అవ్వ మీదేనమ్మా."

"ఆమె మాట ఒక్కటన్నా లేదే."

ఆ రాత్రి అవ్వ మాటలు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు కాగితం మీద రాస్తూ పోయాను. సెలవులకు బస్సు దిగి వచ్చేసరికి గడప దగ్గరే అనేది: "కాళ్లు కడిగి రారా, బువ్వ తినురా." అలవాటుగా వేళ్ల మీద లెక్కపెట్టాను. చివరి దీర్ఘాలు రెండూ కుదిస్తే, కాళ్లు, కడిగి, రార, బువ్వ, తినుర. ఐదు సూర్యగణాలు! సరిగ్గా ఆటవెలది రెండో పాదం.

యతి మాత్రం కుదరలేదు. 'కా'కి 'బు' ఎలా కలుస్తుంది? "గంజి తాగు" అంటే గణాలూ సరిపోతాయి, యతీ సరిపోతుంది. ఒక నిమిషం ఆశపడ్డాను, దిద్దాను కూడా. కానీ అవ్వ నాకు ఏనాడూ గంజి పొయ్యలేదు. బియ్యం నిండుకున్న రోజు పక్కింట్లో బదులు తెచ్చి వండింది. ఆ సంగతి నాకు పెద్దయ్యాక అమ్మ చెప్తేనే తెలిసింది. గంజి కొట్టేసి మళ్లీ బువ్వే రాశాను.

మర్నాడు అందరి ముందూ అదే చదివాను. ఒక పెద్దాయన తప్పు పట్టుకుని "యతి చూసుకో నాయనా" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వంటింట్లోకి పోయింది.

హైదరాబాదుకు తిరిగొచ్చాక ఆ కుర్రాడి పుస్తకం మళ్లీ తీశాను. ముప్పై ఆరో పేజీలో వాళ్ల నాన్న సైకిల్ చైను గురించి రెండు పంక్తులున్నాయి. అప్పుడు వాటి పక్కన నేను ఏ గుర్తూ పెట్టలేదు, మంచిదనీ చెడ్డదనీ. ఆ రెండు పంక్తుల గురించి ఈసారి అతనికే ఉత్తరం రాశాను. కింద నా పద్యం కూడా పెట్టి, తప్పులు చెప్పమన్నాను.

జవాబు ఇంకా రాలేదు.